మీ మాట గడప దాటదు

పరవాడ పారిశ్రామిక ప్రాంతంలో ఒక ఫార్మా కర్మాగారం ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యుల కోసం జరిగిన సమావేశంలో ఒక కౌన్సెలింగ్ సైకాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఎ షిఫ్ట్ దిగి భోజనం కూడా సరిగ్గా చెయ్యకుండా వచ్చినవాళ్లున్నారు. రాత్రి సి షిఫ్ట్‌కి ఎక్కాల్సినవాళ్లు పగటి నిద్ర పాడుచేసుకుని వచ్చారు. గాజువాక, లంకెలపాలెం, అనకాపల్లి నుంచి పిల్లాపాపలతో కదిలి వచ్చారు. అందుకని నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

మీ కంపెనీ మీకూ, మీ ఇంట్లోవాళ్లకూ బయటి సంస్థ అయిన మా ద్వారా ఉచితంగా కౌన్సెలింగ్ ఏర్పాటు చేసింది. నంబరు మీ ఐడీ కార్డు వెనక ఉంది, క్యాంటీన్ గోడ మీద ఉంది. అయినా ఫోన్ చేసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సమస్యలు లేకనా అంటే, ఆ మాట ఇక్కడ ఎవరూ అనరు. ఈఎంఐలున్నాయి. ఇంట్లో మాట పట్టింపులున్నాయి. షిఫ్టులు మారినప్పుడల్లా పట్టని నిద్ర ఉంది. ఇంటర్ చదివే పిల్లల టెన్షన్ ఉంది. ఊళ్లో ఒంటరిగా ఉన్న ముసలి తల్లిదండ్రులున్నారు. మరి ఎందుకు ఫోన్ చెయ్యరు?

ఇక్కడికి వచ్చే ముందు మీ అందరితో పేరు లేకుండా చీటీలు రాయించాం. వాటిలో ఎక్కువగా కనిపించింది ఒకే భయం. ‘హెచ్‌ఆర్‌కి తెలుస్తుందా?’, ‘మా సార్‌కి చెబుతారా?’, ‘రికార్డులోకి ఎక్కుతుందా, ప్రమోషన్ ఆగుతుందా?’, ‘మా ఇంట్లోవాళ్లకి తెలుస్తుందా?’ అందుకే ఇవాళ ధ్యానం గురించి, పాజిటివ్‌గా ఆలోచించడం గురించి మాట్లాడను. రహస్యం గురించే మాట్లాడతాను. మీరు చెప్పిన మాట ఎక్కడికి వెళ్లదో, ఏ సందర్భంలో వెళుతుందో, అది తేలాలి. అది తేలకుండా నేను ఎంత మంచి మాటలు చెప్పినా మీకు ఉపయోగం లేదు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నా దగ్గరికి వచ్చినవాళ్ల కథ ఒక్కటి కూడా ఇక్కడ చెప్పను. పేరు మార్చి, ఊరు మార్చి చెప్పడం చాలామంది చేస్తారు. నేను చెయ్యను. వేదికెక్కి వేరేవాళ్ల కష్టం చెప్పే మనిషి రేపు మీ కష్టం ఇంకో వేదిక మీద చెప్పదని నమ్మకం ఏమిటి? బదులుగా ఒక ఫోన్ కాల్ ఎలా సాగుతుందో ఊహించి చెబుతాను.

రాత్రి పదిన్నర దాటింది. బి షిఫ్ట్ దిగిన ఒక ఆపరేటర్ కూర్మన్నపాలెం జంక్షన్‌లో కంపెనీ బస్సు దిగాడు. ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. మూసేసిన టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని నంబరు కొట్టాడు. అవతల ఎత్తిన కౌన్సెలర్ మొదట అడిగేది పేరు కాదు. ‘ఇప్పుడు మాట్లాడటానికి వీలుగా ఉందా అండీ, పక్కన ఎవరైనా ఉన్నారా?’ అని అడుగుతారు. తర్వాత ఏ కంపెనీ అని అడుగుతారు. ఎందుకంటే ఖర్చు ఎవరి ఖాతాలో పడాలో తెలియాలి కదా. ఎంప్లాయీ నంబరు అడగరు. పేరు ఏదో ఒకటి చెప్పమంటారు, పిలవడానికి. అది అసలు పేరే కానక్కర్లేదు. లైను కట్ అయితే తిరిగి చెయ్యడానికి ఫోన్ నంబరు రాసుకోమంటారా అని అడుగుతారు. వద్దంటే రాసుకోరు.

అప్పుడు కౌన్సెలర్ రెండు నిమిషాలు తీసుకుని, మీరు చెప్పేది ఎవరికీ చెప్పమని, ఫలానా ఫలానా సందర్భాల్లో మాత్రం చెప్పాల్సి రావచ్చని వివరిస్తారు. ఆ సందర్భాలేమిటో కాసేపట్లో చెబుతాను. ఇది మీరు నోరు విప్పక ముందే చెప్పాలి. అన్నీ విన్నాక చెప్పడం మోసం. ఏ కౌన్సెలర్ అయినా ఆ మాట చెప్పకుండా మొదలుపెడితే మీరే ఆపి అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఆ తర్వాత చాలామంది కాసేపు ఏమీ మాట్లాడరు. ‘ఏం చెప్పాలో తెలియట్లేదండీ’ అంటారు. ఏం పర్వాలేదు. మన దగ్గర మనసులో బాధ ఉంటే అది ముందు ఒంట్లో తెలుస్తుంది. గ్యాస్ పట్టేసిందంటాం, గుండె దడ అంటాం, తల దిమ్ము అంటాం, తిన్నది అరగట్లేదంటాం. ఈసీజీ తీయిస్తే అంతా బాగుందంటారు డాక్టరు. అక్కడి నుంచి మొదలుపెట్టినా చాలు. ‘నెల నుంచి నిద్ర లేదు’ అని మొదలైన మాట పదిహేను నిమిషాలకు అప్పు దగ్గరకో, తాగుడు దగ్గరకో, పోయిన తండ్రి దగ్గరకో తనంతట తానే వెళుతుంది.

ఆ ఆపరేటర్ ఫోన్ పెట్టేశాక కంపెనీకి ఏం వెళుతుంది? ఆ రాత్రికి ఏమీ వెళ్లదు. మూడు నెలలకోసారి ఒక నివేదిక వెళుతుంది. ఈ మూడు నెలల్లో ఎంతమంది ఫోన్ చేశారు, ఎంతమంది వచ్చి కలిశారు, నిద్ర, అప్పులు, కుటుంబం, పని ఒత్తిడి లాంటి వాటిలో దేని గురించి ఎక్కువ అడిగారు అన్న మొత్తం లెక్కలే అందులో ఉంటాయి. పేర్లుండవు. బిల్లులోనూ పేర్లుండవు. డిపార్ట్‌మెంట్ వారీ లెక్క కూడా అన్ని చోట్లా ఇవ్వం. ఒక ల్యాబ్‌లో ఆడవాళ్లు ముగ్గురే ఉన్నారనుకోండి. ‘ఫలానా ల్యాబ్, మహిళ, భర్తతో సమస్య’ అని రాస్తే పేరు రాసినట్టే కదా. అందుకే మనుషులు తక్కువగా ఉన్న విభాగాన్ని పెద్ద విభాగంతో కలిపేసి లెక్క ఇస్తాం.

‘మేనేజర్లు మీకు ఫోన్ చేసి అడగరా?’ అని ఒక చీటీలో ఉంది. అడుగుతారు. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక పెద్ద అధికారి చాలాసార్లు అడిగారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. ‘మేడమ్, మా వాడు మీ దగ్గరకు వచ్చాడా, కాస్త కుదుటపడ్డాడా, నేనేమైనా చెయ్యగలనా?’ అనే అడిగారు. నా జవాబు ప్రతిసారీ ఒక్కటే. వచ్చారనీ చెప్పను, రాలేదనీ చెప్పను. ఎందుకంటే ఒకరి విషయంలో ‘రాలేదు’ అని చెబితే, ఇంకొకరి విషయంలో చెప్పను అన్నప్పుడు ‘వచ్చాడన్నమాట’ అని అర్థమైపోతుంది. ఆయన నొచ్చుకున్నారు. నొచ్చుకున్నా సరే, వేరే దారి లేదు.

మీరే కావాలనుకుంటే సంగతి వేరు. సెలవు కోసమో, డ్యూటీ మార్పు కోసమో మీకు కాగితం అవసరమైతే, మీరు రాతపూర్వకంగా అనుమతిస్తే, ఏ మేరకు రాయమంటే ఆ మేరకే రాసిస్తాం. ‘ఫలానా తేదీల్లో సలహా కోసం వచ్చారు’ అన్న ఒక్క ముక్క చాలంటే అదే రాస్తాం. కాగితం మీ చేతికే ఇస్తాం. ఇవ్వాలో వద్దో మీ ఇష్టం.

దీనికి చట్టం అండ కూడా ఉంది. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ మానసిక సమస్య ఉన్న వ్యక్తికి గోప్యత ఒక హక్కు అని స్పష్టంగా చెప్పింది. వైద్యం చేసేవాళ్లు దాన్ని కాపాడి తీరాలి.

ఇప్పుడు ఆ మినహాయింపుల సంగతి. ఇక్కడ నిజం చెప్పకపోతే ఇంతసేపూ చెప్పినదానికి విలువ ఉండదు. మీ ప్రాణానికి ఇప్పటికిప్పుడు ప్రమాదం ఉందని అనిపిస్తే మేం ఊరుకోం. ఇంకొకరి ప్రాణానికి మీ వల్ల ప్రమాదం ఉందనిపించినా అంతే. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. 2012 నాటి పోక్సో చట్టం ఆ బాధ్యత మా మీదే కాదు, తెలిసిన ప్రతి ఒక్కరి మీదా పెట్టింది. కోర్టు ఆదేశిస్తే కాదనలేం. అంతే.

మొదటిదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది భయపడేది దాని గురించే. ‘చచ్చిపోవాలనిపిస్తోంది’ అన్న మాట నోటి నుంచి వస్తే చాలు, మర్నాడు గేటు దగ్గర ఆపేస్తారనుకుంటారు. అలా జరగదు. బతకాలని లేదనిపించడం వేరు, ఇవాళ రాత్రే ఏదో చేసుకోవాలని సిద్ధపడటం వేరు. ఆ తేడా కనుక్కోవడానికి మేం సూటిగానే అడుగుతాం. ‘ఆత్మహత్య చేసుకోవాలని అనిపించిందా? ఎలా అని ఆలోచించారా?’ అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని కొందరు భయపడతారు. పుట్టదు. అడిగేవాళ్లు దొరికినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్లే ఎక్కువ. నిజంగా ప్రమాదం ఉందనిపిస్తే ముందు మీకే చెబుతాం, ఎవరిని పిలవమంటారని మిమ్మల్నే అడుగుతాం. మీ అన్నయ్యనా, స్నేహితుణ్ణా, ఎవరిని నమ్ముతారో వాళ్లను. మీ ప్రాణం నిలవడానికి తెలియాల్సినవాళ్లకు, తెలియాల్సినంతే చెబుతాం. ఆ జాబితాలో హెచ్‌ఆర్ లేదు.

పోలీసు కేసు అవుతుందన్న భయం కూడా మన ఇళ్లలో గట్టిగా ఉంది. ఆస్పత్రిలో చేర్చినప్పుడు ‘పొరపాటున తాగాడు’ అని చెప్పించడం మీరూ చూసే ఉంటారు. 2017 చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం వైద్యం అందించాలి. పాత ఐపీసీలో దాన్ని నేరంగా చూసిన 309వ సెక్షన్, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేనే లేదు. దయచేసి ఈ సంగతి ఇంటికెళ్లి చెప్పండి. డాక్టరుకు అబద్ధం చెప్పడం వల్ల సరైన వైద్యం అందక పోయే ప్రాణాలున్నాయి.

రెండో మినహాయింపు మన ఫ్యాక్టరీ మనుషులకు దగ్గరగా ఉండే విషయం. ఒకరు ఫోన్ చేసి, ‘తాగి ఉన్నాను, ఇంకో గంటలో రియాక్టర్ దగ్గర డ్యూటీ ఎక్కాలి’ అన్నారనుకోండి. మొదట వాళ్లను ఇంట్లోనే ఆగిపొమ్మని, ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టమని నచ్చజెబుతాం. నూటికి తొంభైమంది వింటారనే నా నమ్మకం. వినకుండా వెళ్లి తీరతానంటే, ఆ బ్లాక్‌లో ఉన్న మిగతావాళ్ల ప్రాణాలు ముఖ్యం. అప్పుడు చెబుతాం. చెప్పబోతున్నామని ఆ మనిషికి ముందే చెప్పి మరీ చెబుతాం.

ఇక ఇళ్ల నుంచి వచ్చిన అమ్మలకు, అక్కలకు, పెద్దవాళ్లకు. ఈ సేవ మీది కూడా. మీ ఆయనకో, మీ అబ్బాయికో కంపెనీ ఇచ్చిన దాంట్లో మిగిలింది మీకిస్తున్నది కాదు. మీకు విడిగా ఇచ్చింది. మీరు ఫోన్ చేస్తే ఉద్యోగం చేసే మనిషికి చెప్పం. భార్య ఫోన్ చేస్తే భర్తకు తెలియదు, భర్త ఫోన్ చేస్తే భార్యకు తెలియదు. ఇద్దరూ విడివిడిగా చేసినా, మేం కల్పించుకుని ‘ఆవిడ కూడా చేశారండీ’ అనం. ఇద్దరికీ వేర్వేరు కౌన్సెలర్లను ఇస్తాం.

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెత వింటూ పెరిగినవాళ్లం. దాన్ని మన ఆడవాళ్ల మీద మోపినంతగా ఇంకెవరి మీదా మోపలేదు. దెబ్బ తిన్నా చెప్పకూడదు, ఆకలైనా చెప్పకూడదు, పుట్టింటికి కూడా చెప్పకూడదు. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో ఎవరూ లెక్కపెట్టరు. మీరు మాతో మాట్లాడితే కాపురం విడగొడతామని కొందరు మగవాళ్లు అనుకుంటారు. మేం విడిపొమ్మనీ చెప్పం, సర్దుకుపొమ్మనీ చెప్పం. మీకున్న దారులేమిటో చూపిస్తాం. దెబ్బలదాకా వస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి చెయ్యొచ్చని, రాత్రీ పగలూ ఎత్తుతారని, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టంలోనే ఉందని, దానికి 15100 నంబరు ఉందని చెబుతాం. ఏ దారిలో వెళ్లాలో మీ నిర్ణయం.

ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే ఎలా అని అడిగారు. మంచి ప్రశ్న. మాట్లాడాక కాల్ లిస్టులోంచి నంబరు తీసేయండి. మేమై మేం ఎప్పుడూ తిరిగి చెయ్యం, మీరు చెయ్యమంటేనే, మీరు చెప్పిన టైముకే చేస్తాం. ఎవరైనా ఎత్తితే ‘రాంగ్ నంబరండీ’ అని పెట్టేస్తాం. ఉద్యోగులకు కూడా ఇదే జాగ్రత్త చెబుతున్నాను. కంపెనీ ఇచ్చిన ఫోన్, కంపెనీ మెయిల్, కంపెనీ కంప్యూటర్ వాడకండి. మా వైపు నుంచి రహస్యం ఎంత గట్టిగా ఉన్నా, ఆఫీసు సిస్టమ్‌లో రాసింది ఆఫీసుదే.

పిల్లల గురించి చాలా చీటీలు వచ్చాయి. ఎంపీసీ, బైపీసీ, హాస్టళ్లు, ర్యాంకులు. మన విశాఖలోనే చదువుతూ ప్రాణం పోగొట్టుకున్న ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. 100 మందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలంది. మీ పిల్లల కాలేజీలో ఉన్నారో లేదో ఫీజు కట్టేటప్పుడే అడగండి. ఉన్నా లేకపోయినా, మీ పిల్లలు మా దగ్గరికి రావొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో మీ అనుమతి తీసుకుంటాం. కానీ వాళ్లు చెప్పినదంతా పూసగుచ్చినట్టు మీకు అప్పజెప్పం. వాళ్ల క్షేమానికి మీకు తెలియాల్సింది చెబుతాం. మిగతాది వాళ్లు మమ్మల్ని నమ్మి చెప్పుకున్నది. ‘మా బాబే కదా, మాకు చెప్పకపోతే ఎలా’ అంటారు తండ్రులు. బాబు మాకైనా చెప్పాలంటే ఇదొక్కటే మార్గం నాన్నగారూ.

పనిచేసే చోటే ఇలా కౌన్సెలింగ్ ఏర్పాటు చేసే పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో షికాగో దగ్గరి హాథార్న్ కర్మాగారంలో 1936లో కార్మికులతో మాట్లాడటానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టారు. విన్నది యాజమాన్యానికి చెప్పకూడదన్నది అక్కడ కూడా నియమం. దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది. 1940ల్లో డుపాంట్, ఈస్ట్‌మన్ కొడాక్ లాంటి కంపెనీలు తాగుడుకు బానిసైన కార్మికుల్ని తీసేయడం కంటే బాగుచేసుకోవడం మేలని కార్యక్రమాలు మొదలుపెట్టాయి. తర్వాత అనుభవం మీద తెలిసిందేమిటంటే, తాగుడు ఒక్కటే సమస్య కాదు, దాని వెనక అప్పు, జబ్బు, కాపురం అన్నీ ఉన్నాయి. పైగా తాగేవాళ్ల కోసమే అని బోర్డు పెడితే ఆ గడప ఎవరూ తొక్కరు. 1970ల నుంచి అన్ని సమస్యలకూ, కుటుంబాలకూ కలిపి విస్తరించారు. మన ఫ్యాక్టరీల చట్టం 1948లోనే 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట సంక్షేమ అధికారి ఉండాలంది. ఆయన పని ముఖ్యమైనదే, కానీ ఆయన యాజమాన్యం మనిషి, క్యాంటీన్ నుంచి క్రమశిక్షణ దాకా అన్నిట్లో ఉంటారు. ఆయనతో చెప్పగలిగేవి కొన్ని, చెప్పలేనివి కొన్ని. అందుకే నేను కంపెనీ బయటి మనుషులు ఈ పని చెయ్యడమే మంచిదంటాను.

సూపర్‌వైజర్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. మీకొక మాట. మీ కింద పనిచేసే మనిషిలో మార్పు ముందు కనిపించేది మీకే. ఎప్పుడూ టైముకు వచ్చేవాడు ఆలస్యంగా వస్తాడు, బ్యాచ్ రికార్డులో తప్పులు పడతాయి, చిన్నమాటకు ఎగిరిపడతాడు. అప్పుడు ‘నీకు డిప్రెషన్ అనుకుంటా’ అనకండి. మీరు డాక్టరు కాదు. ‘తాగుతున్నావా’ అని నలుగురిలో అడగకండి. మీరు చూసింది మాత్రం పక్కకు పిలిచి చెప్పండి. ‘ఈ నెలలో ఇన్నిసార్లు లేటయ్యావు, మొన్న ఎంట్రీ తప్పు పడింది, నువ్వు ఇలా చేసే మనిషివి కాదు. ఏదైనా ఉంటే ఈ నంబరు ఉంది, నాకు చెప్పక్కర్లేదు.’ అంతే. వెళ్లావా అని మళ్లీ అడగొద్దు. వెళ్లాడో లేదో మీకు పని చూస్తే తెలుస్తుంది. తెలియకపోయినా నష్టం లేదు.

‘వాల్తేరు పంపాలి వీణ్ణి’, ‘ఎర్రగడ్డ కేసు’ అని సరదాకి అంటూ ఉంటాం. ఆ రెండూ నిజంగా మనుషుల్ని బాగుచేసి ఇళ్లకు పంపే ప్రభుత్వ ఆస్పత్రులు. మీ షెడ్డులో ఆ జోకు వేసిన రోజున, పక్కనే నిలబడి నవ్వినవాళ్లలో ఒకరు సాయంత్రం ఫోన్ చేద్దామనుకుని మానేసి ఉంటారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక సమస్యలున్నవాళ్లలో వైద్యం అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా తేలారు. మన రెండు రాష్ట్రాలూ ఆ 12లో లేవు, కానీ మన దగ్గర ఇంతకంటే మెరుగ్గా ఉందనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

అప్పుల సంగతి చెప్పకుండా కూర్చుంటే తప్పవుతుంది. లోన్ యాప్‌లు, ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగులు. పేకాట యాప్‌లను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా అప్పులు మిగిలే ఉన్నాయి. ఈ సేవలో మనసు గురించి మాట్లాడేవాళ్లే కాదు, డబ్బు లెక్కలు కూర్చుని చూసేవాళ్లు, న్యాయ సలహా చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఎవరికెంత బాకీ, వడ్డీ ఎంత, ఏది ముందు తీర్చాలి అని కాగితం మీద పెడితే సగం భయం పోతుంది. లోన్ యాప్ వాళ్లు మీ ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే అది వాళ్ల నేరం, మీది కాదు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చెయ్యండి. తాగుడు మానాలనుకునేవాళ్లకు 14446 అనే జాతీయ నంబరు ఉంది.

ఇంకొకటి, మన ప్రాంతానికే సంబంధించింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైన రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో పేలుడులో 17 మంది పోయారు. ఇలాంటివి జరిగినప్పుడు చనిపోయినవాళ్ల, గాయపడినవాళ్ల లెక్క తీస్తారు. ఆ రోజు డ్యూటీలో ఉండి ప్రాణాలతో బయటపడినవాళ్ల లెక్క, ఆ రోజు షిఫ్ట్ మార్చుకుని తన బదులు స్నేహితుణ్ణి పంపినవాళ్ల లెక్క ఎవరూ తీయరు. సైరన్ టెస్టు మోగితే ఒళ్లు వణకడం, వాసన వస్తే కాళ్లు ఆడకపోవడం పిరికితనం కాదు. ప్రమాదం జరగగానే అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి ‘ఏం చూశారో చెప్పండి’ అని బలవంతంగా చెప్పించడం మంచిది కాదని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. ముందు నీళ్లు, భోజనం, ఇంటికి ఫోన్, పక్కన ఒక మనిషి. మాట్లాడాలనుకున్నవాళ్లు మాట్లాడతారు. వారాలు గడిచినా నిద్ర రాకపోతే, ఆ దృశ్యమే కళ్ల ముందు తిరుగుతుంటే, అప్పుడు తప్పకుండా రండి.

ఈ సేవకు హద్దులున్నాయి. ఒక్కో సమస్యకు ఆరు సిట్టింగుల వరకు ఉచితం. చాలా విషయాలకు అది సరిపోతుంది. మందులు అవసరమైతే మేం ఇవ్వలేం, సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతాం. ఆ ఖర్చు మీదే. 2017 చట్టం మానసిక జబ్బులకు కూడా మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంది. కాకపోతే మన పాలసీలు ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, ఓపీ ఖర్చులివ్వవు. అది తెలుసుకుని వెళ్లండి. వాల్తేరు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లడంలో చిన్నతనం ఏమీ లేదు.

యాజమాన్యం వారు ముందు వరసలో ఉన్నారు, వారితో రెండు మాటలు. కౌన్సెలింగ్ పెట్టాం కదా అని పని భారం అలాగే ఉంచితే లాభం లేదు. తర్వాతి షిఫ్ట్‌కి ఎక్కాల్సిన రిలీవర్ రాకపోతే అదే మనిషి పన్నెండు, పదహారు గంటలు నిలబడే చోట, నిద్ర పట్టట్లేదని వచ్చిన మనిషికి నేనేం చెప్పగలను? అతనికి కావాల్సింది నిద్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డిప్రెషన్, ఆందోళనల వల్ల ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయి. 2022లో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఉద్యోగి మనసు మార్చడం గురించే కాదు, పనిని, పని వేళలను మార్చడం గురించి, మేనేజర్లకు శిక్షణ ఇవ్వడం గురించి చెప్పాయి. మూడు నెలల నివేదికలో ‘పని ఒత్తిడి’ అంకె పెరిగితే, ఎవరు చెప్పారని వెతక్కండి. ఎక్కడ మనుషులు తక్కువయ్యారో వెతకండి.

రెండోది, ఒక చీటీ గురించి. ‘మేడమ్, నేను కాంట్రాక్టు లేబర్‌ని. నాకు కార్డు ఇవ్వలేదు. నేను ఫోన్ చెయ్యొచ్చా?’ అని రాశారు. ఎవరు రాశారో నాకు తెలియదు. ఆ తమ్ముడికి, అతనిలాంటి వారందరికీ ఇవాళ చెప్పగలిగింది చెబుతాను. 14416 రాసుకోండి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. దేశంలో ఎవరైనా చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన మన సోదరులకు ఒడియా, హిందీ కూడా ఉన్నాయి. ఏ కంపెనీ అని అక్కడ అడగరు.

కానీ అది ప్రభుత్వం చేస్తున్నది. ఈ గేటు లోపల డ్రమ్ములు మోసేది, సెంట్రిఫ్యూజ్ ఖాళీ చేసేది, వ్యర్థ జలాలు శుద్ధిచేసే ఈటీపీలో దిగేది ఎక్కువగా కాంట్రాక్టువాళ్లే. ప్రమాదం జరిగితే ముందు వరసలో ఉండేది వాళ్లే, రేపు పని ఉంటుందో లేదో తెలియక రాత్రి నిద్రపట్టనిదీ వాళ్లకే. మా సంస్థకూ మీకూ ఉన్న ఒప్పందం వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ రాస్తారు. ఇప్పుడందులో ‘పర్మనెంట్ ఉద్యోగులు, వారి కుటుంబాలు’ అని ఉంది. దాన్ని ‘గేటు లోపల పనిచేసే వారందరూ, వారి కుటుంబాలు’ అని మార్చమని ఇంతమంది ముందు మిమ్మల్ని అడుగుతున్నాను. మా వైపు నుంచి ఫీజు తగ్గించుకోవడానికి మాట్లాడుకుని వచ్చాం. ఎంత తగ్గించగలమో రాసిన కాగితం మీ ఫైల్లో పెట్టాను.